బిగుసుకున్న మొలతాడు

మా ఇంట్లో లావు నేను, సన్నం ఆయన. ఇది పెళ్ళినాటి నుంచీ ఉన్న సంగతే. పీటల మీద కూర్చున్న ఫోటో చూసి మా మరిది, "అన్నయ్య ఏడి వదినా, నీ వెనకాల గానీ ఉండిపోయాడా?" అన్నాడు. కొత్త పెళ్ళికూతుర్ని కాబట్టి ఆ రోజు నవ్వాను. తర్వాత నవ్వడం మానేశాను. లావుపాటి వాళ్ళకి శాంతం ఎక్కువని ఎవరన్నారో గానీ వాళ్ళు నన్ను చూసి ఉండరు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

బందరు నుంచి మంగినపూడి వెళ్ళే దారిలో ఒక హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఆయన కోర్టులో గుమాస్తా. నాది పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే పని, ఆయనది కూర్చునే పని. నా పుట్టిల్లు దివిసీమ. మా నాన్నగారి వైపు ఆడవాళ్ళందరిదీ పెద్ద ఎముక, వెడల్పు భుజాలు. మా మేనత్త ఒకావిడ ముసలితనంలో కూడా గేదెలకి గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని కరకట్ట ఎక్కి దిగేది. నేను అచ్చం ఆవిడ పోలిక. ఆయనది పెడన, నేత కుటుంబం. వాళ్ళవైపు మగవాళ్ళకి చేతులు, కాళ్ళు పుల్లల్లా ఉంటాయి. మెడ దగ్గర ఎముకలు కనిపిస్తుంటాయి. ఎవరైనా ఇంటికొస్తే ముందు ఆయన్ని చూసి జాలిపడి, తర్వాత నన్ను చూసి తిండంతా నేనే తినేస్తున్నాననుకుంటారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఆ చూపు చూసిన వాళ్ళకి కాఫీలో పంచదార తగ్గించి ఇచ్చేదాన్ని.

మా అత్తవారింట్లో ఒక పద్ధతి ఉంది. మగవాళ్ళు మొలతాడు బజార్లో కొనరు. మగ్గం మీద మిగిలిన నూలు పోగులు పేని, నల్లరంగు వేసి, ఇంట్లోనే తయారు చేసుకుంటారు. ఏటా వినాయక చవితికి మా మరిది పెడన నుంచి ఆయనకి కొత్తది తెచ్చేవాడు. దాన్ని నడుముకి కట్టి ముడివేసే పని నాది. ఆయన వేసుకున్న ముడి సాయంత్రానికి ఊడిపోతుంది. మా అత్తగారు బతికుండగా, "మగాడి మొలతాడు పెళ్ళాం ఆయుష్షే అమ్మాయ్, అది ఊరికే తీయకూడదు" అనేవారు. వాళ్ళల్లో భార్య పోయిన నాడే మొగుడి మొలతాడు తెంపుతారు. పాతది తీసేముందు కొత్తది కట్టాలి, నడుము ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండకూడదు. ఇలాంటివి నేను పెద్దగా పట్టించుకునే మనిషిని కాను. కానీ ఆవిడ మాట మీద గౌరవంతో అలాగే చేస్తూ వచ్చాను.

ఇక ఆ శిబిరం సంగతి. రెండేళ్ళ కిందట బందర్లో ఒక కల్యాణ మండపంలో ఉచిత ఆరోగ్య శిబిరం పెట్టారు. కోర్టు వాళ్ళు, స్కూళ్ళ వాళ్ళు, ఆఫీసుల వాళ్ళు అందరూ వచ్చారు. గుమ్మంలోనే ఒక యంత్రం. దాని మీద చెప్పుల్లేకుండా నిలబడితే పైనుంచి ఒక కడ్డీ దిగి నెత్తికి తగులుతుంది. బరువెంతో, ఎత్తెంతో అదే చూసుకుని, బీఎంఐ అనే అంకె వేసి, తెర మీద ఒక రంగు చూపిస్తుంది. ఆకుపచ్చ వస్తే మంచిది, ఎరుపు వస్తే ఊబకాయం. మధ్యలో ఇంకో రంగు ఉంది, అది అధిక బరువుట. ఆ మధ్య రంగు మా స్కూలు డ్రిల్లు మేష్టారికి వచ్చింది. ఆయన జిల్లా తరఫున కబడ్డీ ఆడిన మనిషి, తొడలు రోకలిబండల్లా ఉంటాయి. పాపం, యంత్రం దిగి తన కాళ్ళవైపు తనే అనుమానంగా చూసుకున్నారు. మేమంతా నవ్వాం.

నేను ఎక్కేసరికి తెర ఎర్రబడింది. పక్కనున్న ఆవిడ ఎర్ర చీటీ ఒకటి నా చేతిలో పెట్టి, అటు బల్ల దగ్గరికి వెళ్ళి రక్తం ఇవ్వండి, షుగరు చూస్తారు అంది. ఆయన ఎక్కారు. ఆకుపచ్చ. అటూ ఇటూ కూడా కాదు, నట్టనడుమ ఆకుపచ్చ. మరి ఆయనకి రక్తం చూడరా అని నేనే అడిగాను. స్ట్రిప్పులు తక్కువున్నాయండీ, ఎరుపు వచ్చినవాళ్ళకే చూస్తున్నాం, సారుది నార్మల్ కదా అంది. ఆయన చేతికి ఒక అరటిపండు ఇచ్చి పంపేశారు. నా వేలికి సూది గుచ్చుతుంటే ఆయన ఎదురుగా నిలబడి అరటిపండు తిన్నారు.

ఆ రోజు నా షుగరు బాగానే ఉంది. అయినా చీటీ ఎర్రగా ఉంది కాబట్టి ఆ మాట ఎవరికీ ఎక్కలేదు. ఇవాళ లేకపోతే రేపొస్తుంది అన్నారు. ఇంటికొచ్చేసరికి నేను రోగిని, ఆయన ఆరోగ్యవంతుడు. రాత్రి నాకు జొన్నరొట్టె, ఆయనకి అన్నం, పప్పు, నెయ్యి. ఎవరైనా తొక్కుడు లడ్లు తెస్తే నా వాటా కూడా ఆయన పళ్ళెంలోకే వెళ్ళేది. "నాకేం, ఆకుపచ్చ" అనేవారు నోట్లో లడ్డూ పెట్టుకుని. ఆ మాట ఆయనకి ఊతపదమైపోయింది. సినిమాకి టికెట్లు దొరికినా ఆకుపచ్చే, బస్సులో సీటు దొరికినా ఆకుపచ్చే.

నడవమన్నారు కదా అని సాయంత్రాలు కోట వైపు నడవడం మొదలుపెట్టాను. నాతోపాటు ఆయన కూడా వచ్చేవారు, స్కూటరు మీద. నేను ముందు నడుస్తుంటే వెనకాలే నెమ్మదిగా నడుపుతూ, అడుగు వెయ్యి, చేతులు ఊపు అని హెచ్చరించేవారు. తెలిసినవాళ్ళు ఎదురై నవ్వేవారు. ఒకరోజు నాకు ఒళ్ళు మండి, దిగి మీరూ నడవండి అన్నాను. నాకెందుకే నడక, ఇంకా నడిస్తే గాలికి ఎగిరిపోతాను అన్నారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను. ఆయన ఒంటికి నడక అక్కర్లేదని నేను కూడా మనస్ఫూర్తిగా నమ్మాను. యంత్రం చెప్పింది, శిబిరం వాళ్ళు చెప్పారు, నా కళ్ళూ అదే చెప్పాయి. పుల్లలాంటి చేతులు చూసి ఎవరు మాత్రం ఏమనుకుంటారు?

ఆ ఏడు దసరాలకి అనుకుంటాను, మొలతాడు బిగుతుగా ఉందన్నారు. చవితికి కట్టిందే, అప్పుడు సరిగ్గా ఉంది. చూస్తే నిజంగానే చర్మానికి కరుచుకుని ఉంది. నాకేదైనా తోచేలోపే ఆయనే కారణం చెప్పేశారు. "ఈమధ్య నూలు బాగోవడం లేదే. తడిస్తే ముడుచుకుపోతోంది." నేతవాళ్ళింట పుట్టిన మనిషి, నూలు సంగతి ఆయనకి తెలియక నాకు తెలుస్తుందా అనుకున్నాను. నూలు తడిస్తే ముడుచుకోవడం అబద్ధం కూడా కాదు. రోజూ స్నానం చేస్తారు కదా, తాడు కుదించుకుపోయి ఉంటుంది. మళ్ళీ చవితి దాకా పాతది విప్పేయకూడదు కాబట్టి, ముడి వదులు చేసి మధ్యలో బెత్తెడు నూలు అతుకువేసి కట్టాను. ఇంట్లో నల్లది లేకపోతే ఎర్రది వేశాను.

మళ్ళీ బిగుతైంది, నల్ల నూలుతో ఇంకో అతుకు వేశాను. అదీ బిగుతైంది. ఈసారి ఆయన మా మరిదికి ఫోన్ చేసి కోప్పడ్డారు. తమ్ముడూ, నాణ్యం పోయిందిరా, ఇలాంటి నూలుతో చీరలు నేస్తే ఎవడు కొంటాడు అన్నారు. మా మరిది చిన్నబుచ్చుకుని, అది మా తప్పు కాదన్నయ్యా, ఇప్పుడు మిల్లు నుంచి వచ్చే నూలే అంత అన్నాడట. వారం తిరక్కుండా ఇంకో రకం నూలు తెప్పించి, నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, ఇక ముడుచుకునేది ఏమీ లేదని పేని పట్టుకొచ్చాడు. దాన్ని కూడా పాతదానికే అతికాను. ఇద్దరన్నదమ్ములూ మా గుమ్మంలో కూర్చుని, మిల్లుల మోసాల గురించి, నాన్నగారి కాలంలో పోగు ఎంత గట్టిగా ఉండేదో దాని గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను లోపల నా జొన్నరొట్టె కాల్చుకుంటున్నాను. మా ముగ్గురిలో ఒక్కరికి కూడా పొట్టవైపు చూడాలని తోచలేదు.

ప్యాంట్లు బిగుతవ్వలేదా అని తర్వాత చాలామంది అడిగారు. అవ్వలేదు. ప్యాంటు పొట్ట మీద ఆగకపోతే కిందికి జారుతుంది, పొట్ట కింద ఆగుతుంది. మా ఆయనది పెళ్ళినాటి నుంచీ ఒకటే సైజు ప్యాంటు, అదీ ఆయనకి గొప్పే. మొలతాడు అలా జారదు. కట్టినచోటే ఉంటుంది.

దాహం ఎక్కువైంది, అది బందరు ఎండలన్నాం. రాత్రిళ్ళు లేవడం ఎక్కువైంది, నీళ్ళు ఎక్కువ తాగుతున్నారు కదా అన్నాం. కోర్టు మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగి ఫోన్ చూసుకుంటున్నారని తోటి ఉద్యోగి భార్య నాతో అంది. ఫోను పిచ్చి ఎక్కువైందనుకుని ఇంటికొచ్చి దెబ్బలాడాను.

ఇంతలో నా మోకాలు వాచింది. శిబిరం చీటీ ఉండనే ఉంది, ఇక ఆలస్యం చేయకూడదని ఆయన గుడివాడలో ఒక డాక్టరమ్మ దగ్గర పేరు రాయించారు. షుగరూ గుండే బాగా చూస్తుందని పేరున్నావిడ. పరగడుపున రావాలన్నారు. పొద్దున్నే బందర్లో రైలెక్కాం. రక్తం తీశాక తినడానికి డబ్బాలో ఇడ్లీలు పెట్టుకున్నాను. ఆయనకి పరగడుపుతో పనిలేదు కాబట్టి గుడివాడ స్టేషను బయట హోటల్లో రెండు మినపట్లు తిన్నారు. నేను ఎదురుగా కూర్చుని మంచినీళ్ళు తాగాను. నీ కోసమే వచ్చాను, నేను తినకపోతే నీకేం ఒరుగుతుంది అన్నారు. అదీ నిజమే.

డాక్టరమ్మ గది పై అంతస్తులో ఉంది. మోకాలు నొప్పితో నేను మెట్టు మెట్టుకీ తిట్టుకుంటూ ఎక్కాను. పైకి చేరి చూస్తే ఆయన నా వెనకాల లేరు. సగం మెట్ల మీద గోడకి ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నారు. ఫోను తెర వెలగడం లేదు. అది నేను చూశాను, కానీ దాని అర్థం నాకు తట్టలేదు.

రక్తం తీశారు, ఈసీజీ తీశారు, బీపీ చూశారు. ఫలితాలొచ్చాక లోపలికి పిలిచారు. డాక్టరమ్మ కాస్త పెద్దావిడ, మాట నెమ్మది. నా కాగితాలన్నీ ఒకటికి రెండుసార్లు తిరగేసి, షుగరు లేదు, బీపీ లేదు, కొవ్వు బాగానే ఉంది, గుండె బాగుంది అన్నారు. నాకు నమ్మకం కలగలేదు. ఎర్ర చీటీ తీసి ముందు పెట్టాను. ఆవిడ దాన్ని చూసి పక్కన పెట్టేశారు.

"అమ్మా, కాస్త బరువు తగ్గితే మీ మోకాళ్ళకి మంచిది. మీకు ఇక ఏ భయం లేదని నేను రాసివ్వను. కానీ ఇవాళ నా భయం మీ గురించి కాదు" అని, నా పక్కన కూర్చుని మూడోసారి సీసా ఎత్తి నీళ్ళు తాగుతున్న ఆయనవైపు తిరిగారు. "సార్, మీరు అలా ఆ మంచం మీద పడుకోండి."

ఆయన వెనక్కి తిరిగి చూశారు, వేరే ఎవరినో పిలిచారనుకుని. వెనకాల గోడ తప్ప ఏమీ లేదు.

"నన్నాండీ? నాది ఆకుపచ్చండీ" అన్నారు.

డాక్టరమ్మకి అది అర్థం కాలేదు. అర్థం చేసుకునే ప్రయత్నం కూడా చేయలేదు. చొక్కా విప్పమన్నారు. ఆ రోజు ఆ గది ట్యూబులైటు వెలుగులో మా ఆయన్ని నేను మొదటిసారి చూసినట్టు చూశాను. పైన పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. చేతులు మరీ సన్నబడ్డాయి. వాటి మధ్య పొట్ట గట్టిగా, గుండ్రంగా, వేరే మనిషిది తెచ్చి అతికించినట్టుంది. నల్లటి మొలతాడు ఆ పొట్టలోకి దిగబడి, పైనా కిందా చర్మం ఉబ్బి, మధ్యలో ఒక గాడిలా ఉంది. ఆవిడ తాడు కింద వేలు దూర్చబోయారు. దూరలేదు.

"ఇది ఎప్పటినుంచి ఇంత బిగుతుగా ఉంది?"

"నూలు బాగోవడం లేదండీ. తడిస్తే ముడుచుకుపోతోంది" అన్నారాయన, ఎప్పటిలాగే.

ఆవిడ కాసేపు ఆయన్ని చూసి, తర్వాత నన్ను చూశారు.

"నూలు ముడుచుకోలేదండీ. మీరు పెరిగారు."

అంతే అన్నారు.   కోపం రావాల్సిన మనిషిని, కోపం కూడా రాలేదు. దసరాకి వేసిన అతుకు, ఆ తర్వాత వేసిన అతుకు, మా మరిది నానబెట్టి తెచ్చిన నూలు, గుమ్మంలో కూర్చుని మిల్లులని తిట్టుకున్న ఆ సాయంత్రం, అన్నీ ఒక్కసారే నా నెత్తిన పడ్డాయి.

ఆయన వేలికి సూది గుచ్చాక షుగరు అంకె చూసి నర్సే ఇంకో వేలికి మళ్ళీ గుచ్చింది. యంత్రం తప్పనుకుంది కాబోలు. తప్పు కాదు. ఈసీజీ కాగితం బయటికి వస్తుంటే డాక్టరమ్మ దాన్ని నిలబడే చదివారు. ఛాతీలో నొప్పి ఉంటుందా అంటే, గ్యాసండీ అన్నారాయన. ఎప్పుడు వస్తుందంటే, మెట్లెక్కితే వస్తుందండీ అన్నారు. మెట్లెక్కితే వచ్చే గ్యాసు ఉండదు సార్ అన్నారావిడ.

నన్ను కూర్చోబెట్టి చెప్పారు. ఆ యంత్రం మనిషి మొత్తం ఎంతుందో చూస్తుంది గానీ, అందులో ఎముక ఎంత, కండ ఎంత, కొవ్వు ఎంత, ఆ కొవ్వు ఎక్కడ చేరింది అని చూడదట. కబడ్డీ ఆడే వాళ్ళ కండని కూడా బరువులోనే వేస్తుందట. మా ఆయనలాంటి వాళ్ళకి కండ కరిగిపోతుంటుంది, పొట్ట లోపల పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ కొవ్వు పేరుకుంటుంటుంది. ఒకటి తగ్గి ఒకటి పెరుగుతుంటే మొత్తం మాత్రం అక్కడే ఉంటుంది, రంగు ఆకుపచ్చగానే ఉంటుంది. మన వైపు ఇలాంటి సన్నటి మనుషులు చాలామంది ఉన్నారమ్మా, వాళ్ళు జబ్బు ముదిరాక గానీ మా దగ్గరికి రారు, ఎందుకంటే రమ్మని ఎవరూ చెప్పరు అన్నారు. లెక్కల టీచర్ని. ఒకటి కలిపి ఒకటి తీసేస్తే మొత్తం మారదని ఏటా పిల్లలకి చెప్పేదాన్ని. నా ఇంట్లో, నా కంచం పక్క కంచంలో అదే లెక్క నడుస్తుంటే నాకు తెలియలేదు. పైన పటారం, లోన లొటారం అని సామెత ఊరికే చెప్పలేదు.

అటునుంచి అటే అంబులెన్సులో విజయవాడ. నేను చూపించుకోవడానికి బయల్దేరిన ప్రయాణంలో మంచం మీద ఆయన పడుకుని ఉన్నారు, నేను పక్కన కూర్చున్నాను. నా ఒళ్ళో ఇడ్లీల డబ్బా అలాగే ఉంది. "నీకేం చెప్పారే, నీకు బాగానే ఉందా?" అని అడిగారు దారిలో.  తలూపాను. అమ్మయ్య అన్నారు.

విజయవాడలో పరీక్షలు చేసి, గుండెకి రక్తం తీసుకెళ్ళే దారులు మూడూ పూడుకుపోయాయన్నారు. ఎప్పుడైనా ప్రాణం మీదికి రావచ్చు, తెల్లారి ఆపరేషను చేయాలన్నారు. ఛాతీ కోసే ఆపరేషను. ఆయనకి అప్పుడు నిజంగా భయం వేసింది. అయినా డాక్టరుతో, నేను లావు కాదు కదండీ అన్నారు, అన్యాయం జరిగినవాడిలా. పాపం, ఆయన తప్పేముంది? నువ్వు బాగున్నావని రంగు వేసి మరీ చెప్పి, చేతిలో అరటిపండు పెట్టారు.

ఆపరేషను రోజు పొద్దున్నే నర్సు వచ్చి ఉంగరం, వాచీ తీయించింది. దుప్పటి తొలగించి మొలతాడు చూసి, ఇదీ తీయాలి అంది. విప్పబోతే ముడి రాలేదు, అతుకుల మీద అతుకులు, తడిసి తడిసి రాయిలా ఉంది. చిన్న కత్తెర తీసింది. ఆయన ఆ పిల్ల మణికట్టు పట్టుకుని ఆపేశారు. మూడు దారులూ పూడుకుపోయాయన్నప్పుడు కూడా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చారు.

"నువ్వుండగానే తెంపుతారా?" అన్నారు నాతో.

మా అత్తగారి మాట ఆయనకి గుర్తొచ్చింది. నాకూ గుర్తొచ్చింది. ఆయనకి తన ప్రాణం మీద బెంగ లేదు, ఆ తాడు తెగితే నాకేమవుతుందోనని బెంగ. నాకు ఒక్కసారిగా దుఃఖం, కోపం రెండూ పొంగుకొచ్చాయి. నర్సు చేతిలోంచి కత్తెర తీసుకున్నాను. నేనుండగా నా చేత్తో తీస్తే ఏ దోషమూ లేదు అన్నాను. ఎక్కడా రాసిలేదు, అప్పటికప్పుడు నేనే కల్పించాను. కత్తెర మొన దూర్చడానికి చోటు లేదు. ఒక చేతి వేలితో పొట్ట లోపలికి నొక్కిపట్టి, రెండో చేత్తో కోశాను. తెగగానే తాడు రెండు పక్కలకీ ఎగిరిపోయింది. దాని కింద చర్మం తెల్లగా, లోతుగా, మొలచుట్టూ గీత.

ఆయన్ని లోపలికి తీసుకెళ్ళాక బయట బెంచీ మీద కూర్చుని ఆ తాడు చూశాను. మొదట నల్లది, తర్వాత ఎర్రది, మళ్ళీ నల్లది, ఆ తర్వాత మా మరిది తెచ్చిన లావుపాటి నూలు. అతుకులన్నీ కలిపి కొలిస్తే జానెడు దాటింది. ఆ జానెడూ మా ఆయన లోపల ఎక్కడెక్కడ చేరిందో వాళ్ళు చెప్పారు. మా మరిది పెడన నుంచి పరుగున వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నా చేతిలోది చూశాడు. తీసుకుని వేళ్ళతో పోగులు నలిపి చూశాడు. "మంచి నూలే వదినా" అని తలవంచుకున్నాడు.

ఆయన బతికారు. నెమ్మదిగా కోలుకున్నారు. ఇప్పుడు మేమిద్దరం జొన్నరొట్టె తింటాం, ఇద్దరం నడుస్తాం. స్కూటరు ఇంట్లో ఉంటుంది. లడ్లు తెచ్చినవాళ్ళకి దండం పెట్టి తిప్పి పంపేస్తాను.

మొన్న అదే కల్యాణ మండపంలో మళ్ళీ శిబిరం పెట్టారు. వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళాను, ఆయన్ని కూడా తీసుకెళ్ళాను. అదే యంత్రం. నాకు అదే ఎరుపు. ఆయన ఎక్కారు. చొక్కా కింద ఛాతీ మీద పైనుంచి కిందిదాకా కోసిన మచ్చ ఉంది, జేబులో మాత్రలున్నాయి. తెర మీద ఆకుపచ్చ. చావుకి దగ్గర్లో ఉన్నప్పుడు ఏ ఆకుపచ్చో, చావు తప్పించుకుని వచ్చాక కూడా అదే ఆకుపచ్చ. చూస్తూ నిలబడిపోయాను. మీరు జరగండమ్మా, వెనకాల వాళ్ళున్నారు అన్నారు.

మా వెనకాల ఒకాయన ఎక్కాడు. నలభై దాటి ఉంటాయి. సన్నటి చేతులు, సన్నటి మెడ, చొక్కా లోపలికి దోపుకుని బెల్టు పొట్ట కిందికి కట్టాడు. ఆకుపచ్చ వచ్చింది. మీకేం సార్, నార్మల్ అని అరటిపండు ఇచ్చారు. తొక్క తీసుకుంటూ గుమ్మం వైపు నడిచాడు.

నేను వెనకాలే వెళ్ళాను. ముక్కూ మొహం తెలియని మగాణ్ణి ఒక ఆడది అడగకూడని మాట అది. మా ఆయన ఏమిటే అంటూ నా కొంగు పట్టుకున్నారు, వదిలించుకున్నాను.

"అయ్యా, ఏమనుకోకండి. ఈమధ్య మీ మొలతాడు బిగుతవుతోందా?"

అతను ఆగి, సిగ్గుపడి, చుట్టూ చూసి, తర్వాత ఆశ్చర్యంగా నావైపు చూశాడు.

"మీకెలా తెలుసండీ? అవునండీ, ఎక్కడ కొన్నా ఇంతే. ఈమధ్య నూలు బాగోవడం లేదు."

నేను ఆ అరటిపండు ఉన్న చెయ్యి పట్టుకుని, సూది గుచ్చే బల్ల దగ్గరికి లాక్కెళ్ళాను.